సర్వర్‌లో ఫోల్డర్ లేకపోతే కాపీతో పాటే తయారు కావాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఆఫీసులోని ఉబుంటు మెషిన్ నుంచి రోజూ రాత్రి ఒంటి గంటకు ఒక స్క్రిప్ట్ నడుస్తుంది, బ్రాంచిల రిపోర్టులను ఎస్‌సీపీతో (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లను కాపీ చేసే కమాండ్) సర్వర్‌కు పంపుతుంది. అక్కడ ఫోల్డర్లు సంవత్సరం, దాని కింద నెల లెక్కన ఉంటాయి. నెల మారిన మొదటి రాత్రి కొత్త నెల ఫోల్డర్ ఉండదు కాబట్టి కాపీ ఫెయిలవుతుంది. పొద్దున్నే ఎవరో ఒకరు లాగినై చేత్తో ఫోల్డర్ పెట్టి మళ్లీ నడపాలి. లేని ఫోల్డర్‌ను కాపీ కమాండే తయారు చేసుకునే ఆప్షన్ ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఎస్‌సీపీలో లేదు. అదే పని చేసే ఇంకో కమాండ్ ఆర్‌సింక్‌లో ఉంది, అదీ 3.2.3 వెర్షన్ నుంచి. ఆర్‌సింక్ పాతదైతే ఎస్‌ఎస్‌హెచ్‌తో (అవతలి మెషిన్‌లోకి లాగినై కమాండ్లు నడిపే సాధనం) ముందు ఫోల్డర్ పెట్టి ఆ తర్వాత పంపాలి, లేదా రెండూ ఒకే కమాండ్‌లో కలిపే చిట్కా ఒకటి ఉంది. ఇవన్నీ కింద చెప్తాను. కానీ ఏది వాడినా పాత్ (ఫోల్డర్ల దారి) మొత్తాన్నీ ‘లేకపోతే తయారు చెయ్’ అని దానికి వదిలెయ్యకండి. ఏ ఫోల్డర్ వరకు ముందే ఉండి తీరాలి, ఎక్కడి నుంచి కొత్తది పుట్టొచ్చు అన్న గీత మీరే గియ్యాలి. దానివల్ల వచ్చే తేడా పెద్దది, అందుకే జవాబు ఇంత పొడుగైంది.

కమాండ్లను చదివినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, నేను ప్రత్యేకంగా క్యాపిటల్ అని చెప్తే తప్ప అన్నీ చిన్న అక్షరాలే. హైఫన్లు, స్లాష్‌లు, కోట్‌లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ముందు ఎస్‌సీపీ సంగతి. యూనిక్స్‌లో మామూలు సీపీ కమాండే గమ్యం ఫోల్డర్‌ను తయారు చెయ్యదు. దాని అలవాట్లతోనే బీఎస్‌డీ యూనిక్స్‌లో నెట్‌వర్క్ కాపీ కోసం ఆర్‌సీపీ వచ్చింది, 1995లో ఎస్‌ఎస్‌హెచ్ పుట్టినప్పుడు ఆర్‌సీపీ స్థానంలోకి ఎస్‌సీపీ వచ్చింది. అలవాటు మాత్రం తాతది మనవడికీ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ లోపల పాత పద్ధతి మానేసి ఎస్‌ఎఫ్‌టీపీ అనే ఫైల్ బదిలీ ప్రోటోకాల్ వాడుతోంది. అయినా ఈ విషయంలో మీకు ఒరిగేదేమీ లేదు, పై ఫోల్డర్లు అది ఇప్పటికీ తయారు చెయ్యదు.

ఫెయిలైతే నయమే, కనీసం తెలుస్తుంది. భయపడాల్సింది ఫెయిల్ కానప్పుడు. ఈ కమాండ్ చూడండి:

ఎస్‌సీపీ గుంటూరు.పీడీఎఫ్ సర్వర్1:/డేటా/రిపోర్ట్స్/2024/07

సర్వర్‌లో 2024 ఫోల్డర్ ఉంది, 07 లేదు. చివర స్లాష్ పెట్టలేదు. అప్పుడు ఎస్‌సీపీ ఎర్రర్ ఇవ్వదు. ‘07 అనే పేరుతో ఫైల్ పెట్టమన్నారు కాబోలు’ అనుకుని గుంటూరు పీడీఎఫ్‌ను 07 అన్న పేరుతో రాసేస్తుంది. స్క్రిప్ట్‌లో తర్వాతి లైన్ ఒంగోలు.పీడీఎఫ్ అయితే అదే 07 మీద అది పడుతుంది. ఆ తర్వాత నెల్లూరు. అన్ని లైన్లూ విజయవంతమే, ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే నంబరు, సున్నా అంటే అంతా సవ్యం) ప్రతిసారీ సున్నానే. పొద్దున చూస్తే 07 అని ఒకే ఒక్క ఫైల్, అందులో చివరి బ్రాంచి రిపోర్టు మాత్రమే. అప్పుడు 07 ఫోల్డర్ పెడదామని చూస్తే ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ అంటుంది. మీకు ఎర్రర్ వస్తోంది అంటున్నారంటే మీ స్క్రిప్ట్‌లో చివర స్లాష్ ఉందన్నమాట, లేదా ఒకేసారి ఎక్కువ ఫైళ్లు పంపుతున్నారన్నమాట. అది మీ అదృష్టం. గమ్యం ఫోల్డర్ అయినప్పుడు చివర స్లాష్ పెట్టడం ఎస్‌సీపీకైనా ఆర్‌సింక్‌కైనా అలవాటు చేసుకోండి.

ఎస్‌సీపీకి మైనస్ ఆర్ ఇచ్చి ఫోల్డర్ మొత్తం పంపితే ఇంకో తిరకాసు. జూలై అనే ఫోల్డర్‌ను 07 కి పంపారనుకోండి. 07 లేకపోతే జూలైలోని సరుకంతా 07 అన్న పేరుతో వెళ్లి కూర్చుంటుంది. అదే కమాండ్ రెండోసారి నడిపితే 07 ఈసారి ఉంది కాబట్టి దాని లోపల జూలై అని ఇంకో ఫోల్డర్ పుడుతుంది. ఒకే కమాండ్, మొదటిసారి ఒక ఫలితం, రెండోసారి ఇంకో ఫలితం. రోజూ నడిచే స్క్రిప్ట్‌కు ఇది పనికిరాదు. అందుకే రోజువారీ పనులకు ఎస్‌సీపీ వదిలేసి ఆర్‌సింక్‌కు మారమంటాను.

ఆర్‌సింక్ ఎస్‌సీపీ కంటే ఒక మెట్టు ఉదారం. పాత్‌లో చివరి ఫోల్డర్ ఒక్కటి లేకపోతే తనే పెట్టుకుంటుంది. మీ కేసులో 2024 ఉండి 07 మాత్రమే లేకపోతే ఏ ఆప్షన్ లేకుండానే పని అయిపోతుంది. అయితే జనవరి 1 రాత్రి 2025 కూడా ఉండదు, 01 కూడా ఉండదు. అప్పుడు ఎంకేడిర్ (ఫోల్డర్ పెట్టే కమాండ్) ఫెయిలైందని, ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని, కోడ్ 11 అని చెప్పి ఆగిపోతుంది. పాత వెర్షన్లలో దాని వెంటే పంపే వైపు నుంచి కోడ్ 12 అని ఇంకో లైన్ వస్తుంది, అది చూసి నెట్‌వర్క్ పోయిందేమో అని కంగారు పడేవాళ్లు చాలామంది. దాని పై లైన్ చదవండి, అసలు కారణం అక్కడ ఉంటుంది. పదకొండు నెలలు సాఫీగా నడిచి కొత్త సంవత్సరం రోజున, అందరూ సెలవులో ఉన్నప్పుడు పడిపోయే స్క్రిప్టుల వెనక తరచూ ఉండేది ఇదే.

ఒక్క మెట్టే ఎందుకు, అన్నీ పెట్టుకోవచ్చు కదా అంటే, ఆర్‌సింక్ మాన్యువల్‌లోనే దానికి కారణం రాసి ఉంది: మీరిచ్చిన గమ్యం సరైనదేనా అని సరిచూసుకోవడానికి అది సాయం. రిపోర్ట్స్‌లో ఒక అక్షరం తప్పు కొడితే ఆగిపోవాలి గానీ, ఆ తప్పు పేరుతో కొత్త చెట్టు మొలవకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2020 ఆగస్టులో వచ్చిన 3.2.3 లో మీరడిగిన ఆప్షన్ చేరింది. ఇలా వాడాలి (మైనస్ ఏ అంటే పర్మిషన్లు, తేదీలతో సహా పంపమని):

ఆర్‌సింక్ -ఏ --ఎంకేపాత్ గుంటూరు.పీడీఎఫ్ సర్వర్1:/డేటా/రిపోర్ట్స్/2025/01/

ఎం, కే, తర్వాత పాత్, మధ్యలో ఖాళీ లేదు. లేని ఫోల్డర్లన్నీ పైనుంచి కిందికి అదే పెట్టుకుంటూ పోతుంది. ఒక్క ఫైలే పంపుతున్నప్పుడు చివర స్లాష్ మర్చిపోతే ఇక్కడా పాత కథే: 2025 ఫోల్డర్ పెట్టి, దానిలో 01 అనే ఫైల్ పెడుతుంది.

ఫోల్డర్లు పెట్టేది అందుకునే వైపు కాబట్టి సర్వర్‌లో కూడా 3.2.3 లేదా ఆపై ఉండాలి, మీ మెషిన్‌లో ఉంటే చాలదు. రెండు చోట్లా ఆర్‌సింక్ --వెర్షన్ కొట్టి చూడండి. ఉబుంటు 20.04, రెడ్‌హ్యాట్ 8 రెండిట్లో 3.1.3 వచ్చింది, సెంట్‌ఓఎస్ 7 లో అంతకన్నా పాతది. డెబియన్ 11, రెడ్‌హ్యాట్ 9, ఉబుంటు 22.04 అయితే ఇబ్బంది లేదు. మ్యాక్‌లో యాపిల్ ఏళ్ల తరబడి 2.6.9 నే ఇస్తూ వచ్చింది, మ్యాక్ నుంచి పంపేవాళ్లు హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్‌తో కొత్తది వేసుకోవడం మేలు. సర్వర్ పాతదైతే ‘అన్‌నోన్ ఆప్షన్’ అంటుంది. ఆ మెసేజ్ మీ స్క్రీన్ మీదే కనిపిస్తుంది కాబట్టి మీ మెషిన్ తప్పనుకుంటారు. చాలాసార్లు అది అవతలి గొంతు.

సర్వర్ పాతది, అప్‌గ్రేడ్ చేసే అధికారం మీకు లేదు. అప్పుడు పనికొచ్చే చిట్కా ఇది:

ఆర్‌సింక్ -ఏ --ఆర్‌సింక్-పాత్="ఎంకేడిర్ -పీ /డేటా/రిపోర్ట్స్/2025/01 && ఆర్‌సింక్" గుంటూరు.పీడీఎఫ్ సర్వర్1:/డేటా/రిపోర్ట్స్/2025/01/

చూడ్డానికి గారడీలా ఉంటుంది గానీ వెనక జరిగేది సులువే. ఆర్‌సింక్ ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా అవతలికి వెళ్లి అక్కడ ఇంకో ఆర్‌సింక్‌ను మొదలుపెడుతుంది. ‘ఆర్‌సింక్ --సర్వర్’ అంటూ మొదలయ్యే ఒక లైన్‌ను అవతలి షెల్‌కు (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) ఇస్తుంది. ఆ లైన్‌లో మొదటి మాట ఏముండాలో చెప్పేదే ఆర్‌సింక్-పాత్ ఆప్షన్. అసలు ఉద్దేశం, ఆర్‌సింక్ ఎక్కడో వేరే చోట ఇన్‌స్టాల్ అయి ఉంటే దాని చిరునామా ఇవ్వడం. కానీ ఆ మాటను చదివేది షెల్ కాబట్టి అక్కడ రెండు కమాండ్లు కూడా ఇరికించవచ్చు. ముందు ఫోల్డర్ పెడుతుంది, అది సరిగ్గా అయితేనే ఆర్‌సింక్ మొదలవుతుంది. ఇది దొడ్డిదారేమీ కాదు, మాన్యువల్‌లో కూడా ఒక ఫోల్డర్‌లోకి వెళ్లే సీడీ కమాండ్‌తో ఇలాంటి ఉదాహరణే ఉంది.

ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. ముందు పెట్టే కమాండ్ స్క్రీన్ మీద ఏమీ ప్రింట్ చెయ్యకూడదు. చేస్తే ఆ అక్షరాలు ఆర్‌సింక్ సంభాషణ మధ్యలో పడి ‘ప్రోటోకాల్ వెర్షన్ మిస్‌మ్యాచ్, ఈజ్ యువర్ షెల్ క్లీన్?’ అని అడుగుతుంది. ఎంకేడిర్‌కు మైనస్ వీ ఇచ్చినా, సర్వర్‌లో బాష్ఆర్‌సీ ఫైల్‌లో ఎవరో సరదాకి స్వాగతం మెసేజ్ పెట్టినా ఇదే గతి. ఇక ఎస్‌ఎస్‌హెచ్ కీకి ఆర్‌సింక్ తప్ప వేరే కమాండ్ నడవకుండా అడ్మిన్ కట్టడి పెట్టి ఉంటే ఈ చిట్కా పారదు. రెండు కోలన్లతో వాడే ఆర్‌సింక్ డీమన్ పద్ధతిలో అవతల షెల్లే ఉండదు కాబట్టి అక్కడా పారదు.

ఇంత తిప్పలు ఎందుకనుకుంటే రెండు అడుగుల్లో చేయొచ్చు. ముందు ఎస్‌ఎస్‌హెచ్‌తో ఎంకేడిర్, తర్వాత కాపీ. ఏ వెర్షన్‌లోనైనా పనిచేస్తుంది, ఏడాది తర్వాత స్క్రిప్ట్ చదివేవాళ్లకూ అర్థమవుతుంది. రెండుసార్లు కనెక్ట్ కావాలి అన్నదే లోపం. అది ఇబ్బందైతే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో కంట్రోల్‌మాస్టర్, కంట్రోల్‌పాత్, కంట్రోల్‌పర్సిస్ట్ సెట్ చేస్తే రెండో కనెక్షన్ మొదటిదాని మీదే వెళ్తుంది. మీ ఆఫీసులో ఇంకెవరైనా విండోస్ నుంచి పంపుతుంటే వాళ్లకూ ఇదే దారి, ఎందుకంటే విండోస్ 10, 11 లలో ఎస్‌ఎస్‌హెచ్, ఎస్‌సీపీ వస్తాయి గానీ ఆర్‌సింక్ రాదు. పాత పవర్‌షెల్ 5.1 కి రెండు యాంపర్‌శాండ్‌ల గుర్తు తెలియదు, కోట్‌ల లోపల ఉన్నది మాత్రం అవతలి లినక్స్ చదువుతుంది కాబట్టి పర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎంకేడిర్ మైనస్ పీ అయినా, ఎంకేపాత్ అయినా, చెప్పిన పాత్‌లో ఏది లేకపోయినా ప్రశ్నించకుండా పెట్టేస్తుంది. ‘లేదు’ అన్నదానికి మాత్రం కారణాలు రెండు. ఒకటి, నెల కొత్తది కాబట్టి ఫోల్డర్ లేదు. రెండు, ఏదో తేడా జరిగింది కాబట్టి లేదు. ఈ రెండింటినీ కమాండ్ వేరు చెయ్యలేదు.

తేడా అంటే ఎక్కువగా కనిపించేది ఇది. సర్వర్‌లో బ్యాకప్‌కు విడిగా ఒక పెద్ద డిస్క్ ఉంటుంది, దాన్ని /ఎంఎన్‌టీ/బ్యాకప్ దగ్గర మౌంట్ చేసి (అంటే ఆ ఫోల్డర్ తెరిస్తే డిస్క్‌లోనిది కనిపించేలా తగిలించి) ఉంటారు. కరెంటు పోయి వచ్చాక సర్వర్ రీబూట్ అవుతుంది, ఏ కారణానో డిస్క్ మౌంట్ కాదు. /ఎంఎన్‌టీ/బ్యాకప్ అనే ఖాళీ ఫోల్డర్ మాత్రం మామూలు సిస్టమ్ డిస్క్ మీద అలాగే ఉంటుంది. ఆ రాత్రి స్క్రిప్ట్ వచ్చి, రిపోర్ట్స్ లేదు, 2024 లేదు, 07 లేదు అని చూసి మూడూ పెట్టి ఫైళ్లన్నీ సిస్టమ్ డిస్క్‌లోకి పోస్తుంది. ఎర్రర్ లేదు. మర్నాడు కూడా లేదు. కొన్నాళ్లకు రూట్ పార్టిషన్ (సిస్టమ్ డిస్క్‌లోని భాగం) నిండిపోయి డేటాబేస్ ఆగిపోతుంది, అప్పుడు అందరికీ టెన్షన్. అంతకన్నా పెద్ద చిక్కు, ఎవరో డిస్క్‌ను మళ్లీ మౌంట్ చేస్తారు. ఆ క్షణం నుంచి సిస్టమ్ డిస్క్ మీద పోసిన ఫైళ్లు మౌంట్ కింద మరుగైపోతాయి. లిస్ట్ చేస్తే కనపడవు, ఫోల్డర్ల సైజు లెక్కపెట్టే డీయూ కమాండ్‌కు అందవు. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ మాత్రం రూట్ నిండిందనే చూపిస్తుంది. ఇది తెలియనివాళ్లు దీని వెంట రోజంతా తిరుగుతారు. అదే మౌంట్ కాని రాత్రి మామూలు ఆర్‌సింక్ అయితే రిపోర్ట్స్ లేదని మొదటి రాత్రే ఆగిపోయేది.

గీత గియ్యమన్నది ఇందుకే. పద్ధతి చాలా చిన్నది, సీడీ కమాండే ఆ గీత:

ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్1 "సీడీ /ఎంఎన్‌టీ/బ్యాకప్/రిపోర్ట్స్ && ఎంకేడిర్ -పీ 2024/07"

రిపోర్ట్స్ వరకు ముందే ఉండి తీరాలి, లేకపోతే సీడీ ఫెయిలై అక్కడితో ఆగుతుంది. దాని కింద 2024/07 మాత్రం లేకపోతే పుడుతుంది. సీడీ చేసే చోటు మౌంట్ పాయింట్ కాకుండా దాని లోపలి ఫోల్డర్ కావడం ముఖ్యం. /ఎంఎన్‌టీ/బ్యాకప్ వరకే సీడీ చేస్తే డిస్క్ లేకపోయినా ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి దర్జాగా వెళ్తుంది. రిపోర్ట్స్ అన్నది ఆ డిస్క్ మీదే ఉంది కాబట్టి డిస్క్ లేకపోతే అదీ ఉండదు. ఇదే సీడీ వాక్యాన్ని ఆర్‌సింక్-పాత్ చిట్కాలో కూడా పెట్టొచ్చు, అప్పుడు గమ్యాన్ని ‘సర్వర్1:2024/07/’ అని చిన్నగా రాస్తే సీడీ చేసిన చోటు నుంచి లెక్కవుతుంది. ఎంకేపాత్ ఒక్కదానితోనే ఇలా గీత గియ్యడానికి లేదు. అందుకే కొత్త వెర్షన్ ఉన్న చోట కూడా రోజూ నడిచే స్క్రిప్టుల్లో నేను సీడీ పద్ధతే రాస్తాను, ఎంకేపాత్‌ను ఏదో ఒక్కసారి చేత్తో పంపేటప్పుడు వాడతాను.

సర్వర్ మీద రూట్ అధికారం ఉంటే ఇంకా గట్టి తాళం ఉంది. డిస్క్ మౌంట్ కాకుండా ఉన్నప్పుడు ఆ ఖాళీ మౌంట్ ఫోల్డర్‌కు చాటర్ +ఐ పెట్టండి. కమాండ్ స్పెల్లింగు సీ హెచ్ ఏ టీ టీ ఆర్. అప్పటి నుంచి డిస్క్ లేని సమయంలో రూట్ యూజర్ కూడా అందులో ఏమీ పెట్టలేడు. డిస్క్ మౌంట్ అయ్యాక దాని మీది ఫోల్డర్లకు ఈ తాళం వర్తించదు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లు రెండిట్లోనూ పనిచేస్తుంది. స్క్రిప్ట్ ఎవరు రాసినా, ఎంత అజాగ్రత్తగా రాసినా ఇది కాపాడుతుంది.

మీ మెషిన్‌లో కూడా ఫోల్డర్లు ఇదే వరసలో ఉంటే, అంటే ఇక్కడా 2024/07 అని ఉంటే, అసలు ఎంకేడిర్ ఊసే అక్కర్లేదు. ఆర్‌సింక్‌లో రిలేటివ్ ఆప్షన్ ఉంది:

ఆర్‌సింక్ -ఏ --రిలేటివ్ /హోమ్/ఆఫీస్/అవుట్/./2024/07/ సర్వర్1:/ఎంఎన్‌టీ/బ్యాకప్/రిపోర్ట్స్/

మధ్యలో ఉన్న స్లాష్ చుక్క స్లాష్ టైపింగ్ పొరపాటు కాదు. దానికి ఎడమ వైపున్నది వదిలెయ్, కుడి వైపున్న ఫోల్డర్లను అవతల కూడా అలాగే పెట్టు అని దానర్థం. ఎంకేపాత్ పెట్టే ఫోల్డర్లకు అవతలి సర్వర్ డిఫాల్ట్ పర్మిషన్లు వస్తాయి, రిలేటివ్‌తో అయితే మీ వైపు ఫోల్డర్ల పర్మిషన్లు, తేదీలు కూడా వెళ్తాయి. కొన్ని ఎంచుకున్న ఫైళ్లే వాటి ఫోల్డర్లతో సహా పంపాలంటే ఫైల్స్-ఫ్రమ్ ఆప్షన్‌కు పేర్ల జాబితా ఇవ్వండి, అది రిలేటివ్‌ను తనంతట తనే ఆన్ చేస్తుంది. వెబ్‌సైట్లు నడిపేవాళ్లు గిట్‌లో మారిన ఫైళ్ల జాబితాను పైప్ చేసి దీనికిస్తుంటారు. డిలీట్ అయిన ఫైళ్ల పేర్లు ఆ జాబితాలో ఉంటే మాత్రం కోడ్ 23 వస్తుంది, ముందే తీసెయ్యాలి.

వేలకొద్దీ చిన్న ఫైళ్లను ఒకేసారి పంపాల్సివస్తే ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్ కమాండ్‌ను ఎస్‌ఎస్‌హెచ్‌లోకి పైప్ చెయ్యడం ఇప్పటికీ మంచి పద్ధతే. లోపలి ఫోల్డర్లన్నీ టారే పెట్టుకుంటుంది. మీ అవసరం అది కాదు కాబట్టి వదిలేస్తున్నా.

ఇప్పుడు మీ స్క్రిప్ట్‌లో మీరు గమనించారో లేదో తెలియని ఒక సంగతి. రాత్రి ఒంటి గంటకు నడుస్తుంది అన్నారు, నెల పేరు డేట్ కమాండ్‌తో తీస్తున్నారు. జూలై 1 తెల్లవారుజామున ఒంటి గంటకు వెళ్లేది జూన్ 30 రిపోర్టు. అది 07 ఫోల్డర్‌లోకి వెళ్తోంది. నెలాఖరు రిపోర్టులన్నీ ఒక నెల ముందుకు జరిగి కూర్చుంటున్నాయన్నమాట. పాత ఫోల్డర్లు ఒకసారి తెరిచి చూసుకోండి.

దీనికి కోట్‌ల గొడవ కూడా తోడవుతుంది. డేట్ కమాండ్‌ను డబుల్ కోట్‌లలో పెడితే మీ మెషిన్ దాన్ని లెక్కకట్టి జవాబును సర్వర్‌కు పంపుతుంది. సింగిల్ కోట్‌లలో పెడితే ఆ మాటలే సర్వర్‌కు వెళ్లి అక్కడి గడియారంతో లెక్కవుతాయి. చాలా సర్వర్లు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి, మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. కాబట్టి మనకు అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా సర్వర్‌లో ఇంకా నిన్నటి తేదీయే. జూలై 1 రాత్రి ఒంటి గంటకు సింగిల్ కోట్‌లతో ఎంకేడిర్ నడిపితే సర్వర్ తన లెక్క ప్రకారం 06 పెడుతుంది, తర్వాతి లైన్‌లో ఆర్‌సింక్ మీ లెక్క ప్రకారం 07 ను వెతుకుతుంది. పగలు టెస్ట్ చేస్తే రెండూ కలుస్తాయి, రాత్రి నడిస్తే విడిపోతాయి. మందు ఒకటే, తేదీని స్క్రిప్ట్ మొదట్లో ఒక్కసారి తీసి వేరియబుల్‌లో పెట్టుకోవడం, అన్ని చోట్లా దాన్నే వాడటం.

అన్నీ కలిపితే మీ స్క్రిప్ట్ ఇంతే:

నెల=$(డేట్ -డీ యెస్టర్‌డే +%వై/%ఎం)
బేస్=/ఎంఎన్‌టీ/బ్యాకప్/రిపోర్ట్స్
ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్1 "సీడీ $బేస్ && ఎంకేడిర్ -పీ $నెల" && ఆర్‌సింక్ -ఏ అవుట్/ సర్వర్1:$బేస్/$నెల/

వై క్యాపిటల్, ఎం చిన్నది. తారుమారైతే ఎం నిమిషాలవుతుంది, వై రెండంకెల సంవత్సరమవుతుంది. అవుట్ చివర స్లాష్ ఉంది కాబట్టి ఆ ఫోల్డర్ లోపలి సరుకు మాత్రమే వెళ్తుంది, లోపల బ్రాంచి ఫోల్డర్లుంటే అవీ అలాగే వెళ్తాయి. ఈ లైన్లను నేరుగా క్రాన్‌ట్యాబ్‌లో (ఏ పని ఎప్పుడు నడవాలో క్రాన్‌కు చెప్పే ఫైల్) రాయకండి, అక్కడ పర్సెంట్ గుర్తు వస్తే క్రాన్ దాన్ని లైన్ ముగింపుగా తీసుకుంటుంది. విడి ఫైల్‌లో పెట్టి క్రాన్ నుంచి దాన్ని పిలవండి. మీ అసలు బేస్ /డేటా/రిపోర్ట్స్ అయితే అదే పెట్టుకోండి, అది ఏ డిస్క్ మీదుందో మాత్రం ఒకసారి చూసుకోండి.

ఫోల్డర్ పేర్లలో ఖాళీలు ఉంటే అవతలి షెల్ వాటిని ముక్కలు చేస్తుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌సింక్ 3.2.4 నుంచి ఇది తనే సర్దుకుంటుంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో మీరు పంపే ఎంకేడిర్‌కు మాత్రం ఇప్పటికీ మీరే చూసుకోవాలి. తేలికైన దారి, సర్వర్ ఫోల్డర్ పేర్లలో ఖాళీలు పెట్టకపోవడమే.

పర్మిషన్ల గురించి కూడా అడిగారు. కొత్త ఫోల్డర్లు మీరు ఏ యూజర్‌తో లాగినైతే ఆ యూజర్ పేరు మీద పుడతాయి. ఎంకేడిర్‌కు మైనస్ ఎం తో పర్మిషన్ ఇస్తే అది చివరి ఫోల్డర్‌కే వర్తిస్తుంది. పైన కొత్తగా పుట్టినవాటికి యూమాస్క్ (కొత్తవాటి డిఫాల్ట్ పర్మిషన్లను నిర్ణయించే సెట్టింగు) ఏది చెప్తే అదే. జనవరిలో 01 కి సరైన పర్మిషన్ ఉండి, 2025 కి లేక, మిగతావాళ్లు లోపలికి వెళ్లలేకపోవడం దీనివల్లే. అకౌంట్స్ వాళ్లంతా ఒకే గ్రూపులో ఉంటే బేస్ ఫోల్డర్‌కు ఒకసారి సీహెచ్‌మాడ్ జీ+ఎస్ పెట్టండి, కింద ఎంకేడిర్‌తో పుట్టే ఫోల్డర్లన్నీ ఆ గ్రూపునే తీసుకుంటాయి. ఆర్‌సింక్ మైనస్ ఏ మీ వైపు పర్మిషన్లను మోసుకెళ్లి దీన్ని చెడగొట్టొచ్చు. అప్పుడు నో-గ్రూప్ ఆప్షన్ ఇచ్చి, సీహెచ్‌మాడ్ ఆప్షన్‌లో డీ2775, కామా, ఎఫ్664 అని చేర్చండి. అక్కడ డీ, ఎఫ్ క్యాపిటల్స్.

చివరిగా, మీ రెండో సర్వర్ బయటి హోస్టింగ్ వాళ్లదని, ఎస్‌ఎఫ్‌టీపీ తప్ప ఏదీ ఇవ్వలేదని రాశారు. అక్కడ షెల్ లేదు కాబట్టి పైన చెప్పినవేవీ నడవవు. ఎస్‌ఎఫ్‌టీపీలో ఉన్న ఎంకేడిర్‌కు మైనస్ పీ లేదు, ఒక్కో మెట్టూ విడిగా పెట్టాలి. బ్యాచ్ ఫైల్‌లో లైన్ ముందు ఒక హైఫన్ పెడితే ఆ లైన్ ఫెయిలైనా ఆగకుండా ముందుకు వెళ్తుంది:

-ఎంకేడిర్ రిపోర్ట్స్/2025
-ఎంకేడిర్ రిపోర్ట్స్/2025/01
పుట్ గుంటూరు.పీడీఎఫ్ రిపోర్ట్స్/2025/01/

రిపోర్ట్స్‌కు మాత్రం ఎంకేడిర్ లైన్ రాయలేదు చూడండి, అది లేకపోతే ఫెయిల్ కావాల్సిందే. పుట్ ముందు హైఫన్ పెట్టకండి, పెడితే ఫైల్ వెళ్లకపోయినా తెలియదు. ఇంత రాసుకోవడం విసుగైతే ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్‌లోని కాపీ కమాండ్ ఎస్‌ఎఫ్‌టీపీ మీద లేని ఫోల్డర్లను తనే పెట్టుకుంటుంది. ఫైళ్లను పంపే ఇంకో కమాండ్ కర్ల్‌కు కూడా ఎఫ్‌టీపీ-క్రియేట్-డర్స్ అనే ఆప్షన్ ఉంది, పేరులో ఎఫ్‌టీపీ అని ఉన్నా ఎస్‌ఎఫ్‌టీపీకీ పనిచేస్తుంది. డర్స్ స్పెల్లింగు డీ ఐ ఆర్ ఎస్. ఈ రెండూ గీత ఎక్కడో చూడవు, పాత్ మొత్తం పెట్టేస్తాయి. హోస్టింగ్ వాళ్ల దగ్గర మౌంట్ గొడవ మీ చేతుల్లో ఎలాగూ లేదు కాబట్టి అక్కడ ఆర్‌క్లోన్ వాడుకోండి, పాత్‌లో స్పెల్లింగు మాత్రం మొదటిసారి పంపాక ఒకసారి తెరిచి సరిచూసుకోండి.